ప్లమ్ పండుకి కూమ్ పెట్టిన పేరు

వేదిక మీదికి ఎందుకు ఎక్కించారో ఎక్కేటప్పుడు రాదిసావ్‌కి తెలియదు. దిగేటప్పటికి తెలిసింది. అప్పట్నుంచీ ఒళ్ళంతా మంట.

సదస్సుకి అది ఆఖరి రోజు. ప్లమ్ తోటల మీద పనిచేసే వాళ్ళంతా హంగరీలోని కెచ్‌కెమేట్ ఊళ్ళో వారం పాటు కూర్చుని మాట్లాడుకున్నారు. తెగుళ్ళ గురించి, మంచు గురించి, అంటు కట్టే పద్ధతుల గురించి. ఆ పొద్దున ముగింపు సభ. తిహోమిర్ మైకు అందుకుని రాదిసావ్‌ని పిలిచాడు. తిహోమిర్ వాళ్ళ పండ్ల కేంద్రానికి డైరెక్టర్. బల్ల మీద తెల్లటి పళ్ళెంలో ప్లమ్ పండ్లు పెట్టి ఉన్నాయి. నల్లగా, లావుగా, పైన బూడిద చల్లినట్టున్నాయి. చూడగానే రాదిసావ్ గుర్తుపట్టాడు. తన ఇంటి వెనక కొండవాలులో కాసినవే. శీతల గదిలో దాచమని తనే ఇచ్చాడు.

"ఇరవై ఏళ్ళుగా దీనికి నెంబరే ఉంది," అన్నాడు తిహోమిర్ మైకులో. "ఈ రోజు పేరు పెడుతున్నాను. పెంచినవాడి పేరు. రాదిసావ్కా!"

నాలుగు దేశాల మనుషులు లేచి చప్పట్లు కొట్టారు. ఎవరో ఈల వేశారు. తిహోమిర్ రెండు చేతులతో రాదిసావ్ భుజాలు పట్టుకుని ఈ బుగ్గ మీద, ఆ బుగ్గ మీద, మళ్ళీ ఈ బుగ్గ మీద మూడు ముద్దులు పెట్టాడు. చప్పట్లు ఆగడం లేదు. ఏం చెయ్యాలో తోచక రాదిసావ్ వంగి దండం పెట్టాడు. వద్దు వద్దు అనుకుంటూనే ఉన్నాడు, నడుం మాత్రం వంగిపోయింది.

ఆ చెట్టు తనది కాదు. గ్వోజ్దెన్ మాస్టారిది.

రెండు పాత రకాలని కలిపి ఆ మొలక తీసింది ఆయన. రాదిసావ్‌కీ, తిహోమిర్‌కీ చేతులు పట్టుకుని అంటు కట్టడం నేర్పిందీ ఆయనే. పాత తోట పీకేసి గిడ్డంగులు కడతామని కేంద్రం పెద్దలు అన్నప్పుడు, మాస్టారు ఇంట్లోంచి కుర్చీ తెచ్చుకుని బుల్డోజర్ ముందు వేసుకుని కూర్చున్నాడు. వర్షం వస్తే గొడుగు వేసుకున్నాడు. లేవమంటే లేవలేదు. ఉద్యోగం తీసేశారు. తీసేసిన కాగితం మీద సంతకం తిహోమిర్‌ది. అప్పటికి తిహోమిర్ చిన్న అధికారి. పెట్టమన్నారు, పెట్టాడు.

తోట పోయింది. పోయేముందు మాస్టారు ఆ చెట్టు నుంచి నాలుగు పుల్లలు కోసి, తడి గోనెలో చుట్టి, రాదిసావ్ చేతిలో పెట్టాడు. రాదిసావ్ వాటిని తన వాలులో అంటు కట్టాడు. మంచు నుంచి కాచాడు, పురుగు నుంచి కాచాడు. మాస్టారు ఆస్పత్రిలో ఉన్నప్పుడు వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాడు.

"దీనికి మీ పేరే పెడతాను మాస్టారూ," అన్నాడు.

"ముందు పురుగు పట్టకుండా చూడరా," అన్నాడు ఆయన. వారం తిరక్కుండా పోయాడు.

ఈ మాట తిహోమిర్‌కి ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. చెప్పినప్పుడల్లా "చూద్దాంలే" అనేవాడు. చూసింది ఇదీ.

* * *

పదిన్నరకి కారెక్కారు. కేంద్రం వాళ్ళ పాత స్కోడా. నడిపేది తిహోమిర్. మిగిలిన పండ్లున్న అట్టపెట్టె రాదిసావ్ ఒళ్ళో ఉంది.

నిజానికి రాదిసావ్ ముందురోజే బస్సెక్కి ఇంటికి పోవాల్సింది. ఎందుకంటే ఈ రోజు వాళ్ళింట్లో స్లావా. వంశాన్ని కాచే లూకా పునీతుడి పండుగ. ఆ రోజు ఇంటి యజమాని ఇంట్లో లేకపోవడం అనేది వాళ్ళ కొండల్లో ఎవరూ ఎరగరు. చావుబతుకుల్లో ఉన్నా లేచి నిలబడతారు. స్లావాకి ఎవర్నీ పిలవరు. రావలసిన వాళ్ళు వస్తారు. వచ్చినవాళ్ళు కూర్చుంటారు, యజమాని నిలబడి వడ్డిస్తాడు. ఆఖరి చుట్టం వెళ్ళేదాకా కూర్చోడు.

"ఒక్క పొద్దుటి పూట ఆగు కూమే, నీకో కానుక ఉంది, సాయంత్రానికి ఇంట్లో దింపుతా," అని ఆపినవాడు తిహోమిర్.

ఆగక ఏం చేస్తాడు. తిహోమిర్ డైరెక్టర్ ఒక్కటే కాదు, కూమ్. రాదిసావ్ పెళ్ళిలో పక్కన సాక్షిగా నిలబడ్డవాడు. ఇద్దరు ఆడపిల్లలకీ బాప్తిస్మంలో పేర్లు పెట్టినవాడు. బిడ్డకి పేరు పెట్టే హక్కు తండ్రిది కాదు, కూమ్‌ది. తోడబుట్టినవాడితో గొడవపడొచ్చు, కూమ్‌తో పడకూడదు. ఇన్నేళ్ళలో రాదిసావ్ ఒక్క మాట పెంచి మాట్లాడలేదు.

ఊరు దాటారు. రెండు పక్కలా కోసేసిన మొక్కజొన్న చేలు.

"ఏంటి కూమే, మొహం అలా పెట్టావ్?" అన్నాడు తిహోమిర్. "నాలుగు దేశాల్లో నీ పేరు మోగింది. మా నాన్న బతికుంటే ఏడ్చేవాడు."

"నన్నడిగావా?"

"అడిగితే వద్దంటావుగా."

"అందుకని అడగలేదు."

"కూమ్ అడగడయ్యా, పెడతాడు. పెద్దదానికి దున్యా అని పెట్టినప్పుడు నిన్నడిగానా? ఆ రోజు నువ్వు పెట్టిన మొహం నాకింకా గుర్తుంది. పండు పేరు పెట్టాడేంటి పిల్లకి అని. రెండోదానికి విష్న్యా అని పెడితే నీ పెళ్ళాం రోసాంద నాతో నెల్లాళ్ళు మాట్లాడలేదు. ఇప్పుడు మార్చమను చూద్దాం వాళ్ళ పేర్లు! చీపురు తిరగేస్తుంది."

"వాళ్ళు నా పిల్లలు. ఇది నా పిల్ల కాదు."

"మరెవరిది?"

"ఎవరిదో నీకు తెలుసు. నోటితో అను."

తిహోమిర్ గేరు మార్చాడు. మార్చాల్సిన పని లేకపోయినా మార్చాడు.

"ఆ మనిషి," అన్నాడు.

"ఆ మనిషికి పేరుంది."

"పోయినవాళ్ళని కదపడం ఎందుకు కూమే."

"ఇన్నేళ్ళలో నీ నోట ఆ పేరు ఒక్కసారి వినలేదు నేను. 'ఆ మనిషి' అంటావు, 'పాత తోట ఆయన' అంటావు. పేరు అంటే నాలిక కాలుతుందా?"

తిహోమిర్ ముందు పోతున్న లారీని దాటాడు. దాటాక గొంతు తగ్గించి, చిన్నపిల్లాడికి నచ్చచెప్తున్నట్టు మొదలుపెట్టాడు.

"చూడు. ఆ పేరు పెట్టామనుకో. పేపరు వాళ్ళు వస్తారు. ఎవరీయన అంటారు. ఎందుకు తీసేశారు అంటారు. కుర్చీ ఫోటో ఎక్కణ్ణుంచో బయటికి తీస్తారు. సంతకం ఎవరిది అంటారు."

"చెప్పు, నాది అని."

"చెప్పాలట! వచ్చే ఏడు దిగిపోతున్నాను. మర్యాదగా దిగిపోనివ్వవా?"

"అంటే నా పేరు నీకు దుప్పటన్నమాట."

"ఏం దుప్పటి?"

"కప్పుకోవడానికి."

తిహోమిర్‌కి కోపం వచ్చింది. మెడ ఎర్రబడింది. "నీకు మంచి చెయ్యాలనుకోవడం నాదే తప్పు! నాలిక కాదు, నా చెయ్యి కాలాలి! ఈ హంగరీ వాళ్ళలో అందరి పేర్లూ చెట్లకున్నాయి. నీకేం ఉంది? రిటైరైతే ఒక గడియారం ఇస్తారు, అది ఆర్నెల్లకి ఆగిపోతుంది. నిన్ను చూసి జాలేసి పెట్టాను. జాలేసి!"

"కారాపు."

"ఎందుకు?"

"ఆపమన్నాను."

పెట్రోలు బంకు దగ్గర ఆపాడు. రాదిసావ్ పండ్ల పెట్టె చంకలో పెట్టుకుని దిగి, తలుపు దడాలున వేసి, రోడ్డు పక్కన నడక మొదలుపెట్టాడు. సెర్బియా వైపు. మంచి బూట్లు వేసుకున్నాడు సభ కోసం. అవి కరుస్తున్నాయి.

కారు వెనకే మెల్లగా వచ్చింది. అద్దం దిగింది.

"ఎక్కడికి?"

"ఇంటికి."

"నడిచి?"

"నడిచే."

"వచ్చే స్లావాకి చేరతావు."

రాదిసావ్ నడిచాడు. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. ఒక హంగరీ ఆవిడ కారాపి తిహోమిర్‌ని ఏదో తిట్టింది. భాష తెలియకపోయినా అది తిట్టేనని ఇద్దరికీ అర్థమైంది.

"ఎక్కవయ్యా! ఇంట్లో నీ కోసం జనం ఆకలితో చస్తుంటారు!"

ఆ మాటకి ఆగాడు రాదిసావ్. కోపం ఎంతున్నా ఇంట్లో రొట్టె కోయకుండా కూర్చున్నవాళ్ళు గుర్తొచ్చారు. వచ్చి ఎక్కాడు. ముందు సీట్లో కాదు, వెనక. తలుపు మళ్ళీ దడాలుమంది.

"తలుపు ఊడిపోతే కేంద్రానికి నువ్వే చెప్పుకో," అన్నాడు తిహోమిర్.

"డైరెక్టర్ సంతకం పెడతాడులే. ఆయనకి అలవాటే."



* * *

హోర్గోష్ దగ్గర సరిహద్దు దాటడానికి బారులు తీరిన కార్లు. శనివారం. జర్మనీలో పనిచేసే వాళ్ళంతా ఇళ్ళకి పోతున్నారు. ఒకడు కారు పైకెక్కి బారు ఎంతుందో చూస్తున్నాడు. ఒకావిడ ఆరుబయట గ్యాసు పొయ్యి పెట్టి కాఫీ కాస్తోంది. మధ్యాహ్నం కరిగిపోయింది. కారు ఒక అడుగు కదిలేది, ఆగేది.

ఆఖరికి కిటికీ దగ్గరికి చేరారు. ఉద్యోగి కుర్రవాడు. పాస్‌పోర్టులు తీసుకున్నాడు. వెనక సీట్లో పెట్టె చూశాడు.

"ఏం పండ్లవి?"

"ప్లమ్," అన్నాడు తిహోమిర్ గర్వంగా. "కొత్త రకం. ఈ రోజే పేరు పెట్టాం. రాదిసావ్కా."

కుర్రవాడు పాస్‌పోర్టు చూశాడు, వెనక ఉన్న మనిషిని చూశాడు. నవ్వాడు. "అయ్యబాబోయ్, మీ పేరే! పండు మీదా అయితే! ఒకటి తినొచ్చా?"

తిన్నాడు. రసం గడ్డం మీద కారింది. "ఏం తీపి! కంగ్రాట్స్ పెద్దాయనా!" అని పక్క కిటికీలో వాడికీ ఒకటి ఇచ్చాడు. "ఒరేయ్, ఇదిగో, ఈయనే ఆ పండు!"

రాదిసావ్ పళ్ళు నూరుకున్నాడు. వాడిది తప్పా, పాపం. తిన్నాడు, మెచ్చుకున్నాడు. రేపు నర్సరీలో కొనే ప్రతివాడూ ఇలాగే అంటాడు. తను పోయాక కూడా అంటారు. మాస్టారు పేరు ఎక్కడా ఉండదు. మాస్టారి పండుని మాస్టారి శిష్యుడు కాజేశాడని తెలిసింది ఇద్దరికే. ఒకడు కారు నడుపుతున్నాడు. రెండోది మాస్టారి భార్య మిలుంక.

మిలుంక ప్రతి ఏడూ స్లావాకి వస్తుంది. ఎవరూ పిలవరు, వస్తుంది. ఈ రోజూ వచ్చి ఉంటుంది.

సరిహద్దు దాటగానే ఫోన్ మోగింది. రోసాంద.

"ఏమయ్యా, బతికే ఉన్నావా?"

"సరిహద్దు దాటాం."

"పొద్దున్నే ఫాదర్ వచ్చి రొట్టె దీవించి వెళ్ళాడు. యజమాని ఎక్కడమ్మా అని అడిగాడు. పండ్లకి పెళ్ళి చెయ్యడానికి హంగరీ వెళ్ళాడని చెప్పా. నీ బదులు నేనే నిలబడి ఉన్నా పొద్దుట్నుంచీ. కాళ్ళు వాచాయి. ఒబ్రాద్ బాబాయ్ మూడో గ్లాసు సారాలో ఉన్నాడు, నాలుగోది పోశానంటే పాడతాడు."

"మిలుంక పెద్దమ్మ వచ్చిందా?"

"ఎప్పుడో వచ్చింది. సభంతా ఫోన్లో వచ్చిందటగా, దున్యా పట్టుకుని అందరికీ చూపించింది. నీ పేరు అనగానే ఇల్లంతా అరుపులు."

"పెద్దమ్మ కూడా చూసిందా?"



"చూసింది."

"ఏమంది?"

"ఏమీ అనలేదు. కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ చూపించు తల్లీ అంది."

రాదిసావ్ ఫోన్ ఒళ్ళో పెట్టుకున్నాడు. చేతులకి ఏదో ఒకటి విరవాలనుంది.

"విన్నావా?" అన్నాడు.

"విన్నాను," అన్నాడు తిహోమిర్ అద్దంలోంచి చూస్తూ.

"సోమవారం కొత్త రకాల రిజిస్టర్‌కి పంపుతావు కదా. పేరు ఎక్కాలంటే ఇద్దరి సంతకాలూ కావాలి. నీది, నాది."

"అయితే?"

"నేను పెట్టను."

"పెట్టకపోతే దానికి పేరే ఉండదు. నెంబరుతో చస్తుంది. ఏ నర్సరీ వాడూ ముట్టుకోడు. ఆ మనిషికి నువ్వు చేసే మేలు అదా?"

"పేరు మార్చి పంపు. అప్పుడు పెడతాను."

"నాలుగు దేశాల ముందు ప్రకటించాను! ఇప్పుడు కాదంటే నన్ను పిచ్చోడంటారు. పైగా కూమ్ పెట్టిన పేరు వెనక్కి తియ్యడం ఎవడైనా విన్నాడా? ఎక్కడైనా ఉందా?"

"ఆనాటి సంతకం ఎటూ వెనక్కి తియ్యలేవు, పేరైనా తియ్యి."

నోవి సాద్ దాటింది. బెల్‌గ్రేడ్ దాటింది. పొద్దు వాలుతోంది. వాల్యెవో దాటాక కొండలు మొదలయ్యాయి. ఇంటి ముందు వీధిలో కార్లు అడ్డదిడ్డంగా ఆగి ఉన్నాయి. వాకిట్లో వేయించిన పంది మాంసం వాసన.

తిహోమిర్ కారాపి, తాళం తియ్యకుండా కూర్చున్నాడు.

"నేను రానా?" అన్నాడు.

రాదిసావ్‌కి నోటిదాకా వచ్చింది. రావద్దు అనాలని. ఆ ఒక్క మాట అంటే ముప్పై ఏళ్ళ కూమ్‌తనం అక్కడే తెగిపోతుంది. స్లావా రోజు గడప దగ్గరికి వచ్చినవాణ్ణి రావద్దన్న ఇల్లు ఆ కొండల్లో లేదు.

"దిగు," అన్నాడు. "నీ కుర్చీ నీకే ఉంది."

* * *

"వచ్చాడండీ యజమాని!" అంది రోసాంద. "సొంత పండక్కి చుట్టంలా వచ్చాడు!"

అందరూ లేచారు. వీపు మీద చరుపులు, బుగ్గల మీద ముద్దులు. "రాదిసావ్కా! రాదిసావ్కా!" అని ఒబ్రాద్ బాబాయ్ గ్లాసు ఎత్తాడు. పోసింది నాలుగోదే అని రాదిసావ్‌కి అర్థమైంది. గోడ దగ్గర లూకా పునీతుడి పటం ముందు పెద్ద కొవ్వొత్తి సగానికి కాలింది. బల్ల మధ్యలో పండుగ రొట్టె కోయకుండా ఉంది. బల్ల చివర మిలుంక కూర్చుని ఉంది. నల్ల బట్టలు, ఒళ్ళో చేతులు. ఆవిడ లేవలేదు. రాదిసావ్ వెళ్ళి ఆవిడ చేతిని ముద్దుపెట్టుకున్నాడు. ఆ చెయ్యి కదల్లేదు.

రాదిసావ్ కోటు విప్పకుండానే పని మొదలుపెట్టాడు. తియ్యటి గోధుమల గిన్నె తీసుకుని ముందు కూమ్ దగ్గరికి వెళ్ళాడు. పద్ధతి అదే. తిహోమిర్ ఒక చెంచా తిన్నాడు. సారా సీసా తీసుకుని ముందు కూమ్ గ్లాసు నింపాడు. అంచుదాకా నింపాడు. అంచు దాటింది. బల్లగుడ్డ మీద పారింది. ఇంకా పోస్తూనే ఉన్నాడు.

"చాలు కూమే," అన్నాడు తిహోమిర్ మెల్లగా.

"నీకు తక్కువ కాకూడదుగా."

రోసాంద వచ్చి సీసా లాక్కుంది. మొగుడి మొహంలోకి చూసి గుడ్డతో తుడిచింది.

రొట్టె వంతు వచ్చింది. దాన్ని యజమాని ఒక వైపు, కూమ్ ఒక వైపు పట్టుకుని తిప్పుతారు, ఎర్ర వైను పోస్తారు, విరుస్తారు. ప్రతి ఏడూ తిహోమిరే పట్టుకునేవాడు. అలవాటుగా లేచి చేతులు చాచాడు. రాదిసావ్ రొట్టె ఎత్తుకుని, చాచిన ఆ చేతుల పక్కనుంచి నడిచి, బల్ల చివరికి వెళ్ళాడు.

"పట్టుకో పెద్దమ్మా."

తిహోమిర్ చేతులు అలాగే గాలిలో ఉన్నాయి. తర్వాత మెల్లగా దించాడు, కూర్చున్నాడు.

మిలుంక రొట్టె అందుకోలేదు.

"నువ్వు వంగావు," అంది. "ఫోన్లో చూశాను. మళ్ళీ చూపించమన్నాను. మళ్ళీ వంగావు."

"వంగాను పెద్దమ్మా."

"మా ఆయనకి నడుం వంగేది కాదు. వంగి ఉంటే పెన్షను వచ్చేది."

"నాకు తెలియదు పెద్దమ్మా, ఏం పేరు పెడతాడో. ఎక్కాక తెలిసింది."

"దిగేలోగా నోరు లేదా?"

రాదిసావ్ చేతుల్లో రొట్టె బరువుగా ఉంది. అప్పుడు తిరిగి, ఇంటినిండా ఉన్న జనంతో అన్నాడు. అతను అంత గట్టిగా మాట్లాడగా ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"ఆ పండు నాది కాదు! మాస్టారిది. ఆయన తీసిన మొలక. నేను నీళ్ళు పోశానంతే. నా పేరుతో వెళ్తే నేను సంతకం పెట్టను. నెంబరుతోనే ఉండనీ. నర్సరీకి పోకపోతే నా వాలులో కాస్తుంది. పక్షులు తింటాయి. దొంగపేరు మాత్రం వద్దు."

"ఒరేయ్ అబ్బాయ్," అన్నాడు ఒబ్రాద్ బాబాయ్. సారా దిగిపోయినట్టుంది. "కూమ్ పెట్టిన పేరు కాదనకూడదురా. మా తాతల నుంచీ ఎవరూ కాదన్లేదు. తియ్యాలంటే కూమే తియ్యాలి."

"నేనూ అదే అంటున్నా బాబాయ్. కూమే తియ్యాలి." తిహోమిర్ వైపు తిరిగాడు. "లే. పేరు పెట్టేవాడు నిలబడి పెడతాడు. గుడిలో నా పిల్లల్ని ఎత్తుకుని నిలబడే పెట్టావుగా."

"స్లావా రోజు," అన్నాడు తిహోమిర్, పెదవులు తెల్లబడి, "ఇంటికి వచ్చిన అతిథిని ఇంతమందిలో..."

"నీకు లోటు చేశానా? గోధుమలు ముందు నీకే పెట్టాను. సారా ముందు నీకే పోశాను. రోజంతా వెనక సీట్లో కూర్చుని వచ్చి ఇప్పుడు నీ ముందు నిలబడి ఉన్నా. ఈ ఇంట్లో మర్యాదంతా నీదే. పేరు మాత్రం నీది కాదు. నాదీ కాదు."

తిహోమిర్ గ్లాసు వైపు చూశాడు. తాగలేదు. స్లావాలో రొట్టె విరవకుండా లేచి పోయేవాడు ఉండడు. ఆ సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అందరూ చూస్తున్నారు. పెద్దపిల్ల దున్యా వచ్చి అతని కుర్చీ వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేసింది.

"కూమ్ బాబాయ్," అంది. "నా పేరు నువ్వే పెట్టావుగా. చిన్నప్పుడు బళ్ళో అందరూ ఏడిపించారు. ఇప్పుడు నాకిష్టం. ఇది కూడా మంచిది పెట్టు."

తిహోమిర్ లేచాడు. కుర్చీ కర్రుమంది. పెదవులు కదిలాయి. ఏమీ వినిపించలేదు.

"వినపడలా," అంది మిలుంక. చెవులు ఆవిడకి బాగానే పనిచేస్తాయి.

"గ్వోజ్దెన్," అన్నాడు తిహోమిర్.

"ఆ మూల వాళ్ళకి వినపడలేదు."

"గ్వోజ్దెన్!" అని అరిచినట్టు అన్నాడు. "ప్లమ్ పేరు గ్వోజ్దెన్! నేనే పెడుతున్నాను. సోమవారం నేనే రాసి పంపుతాను. పేపరు వాళ్ళు వస్తే రానీ."

కూర్చున్నాడు. గ్లాసు ఎత్తి ఒక్క గుక్కలో తాగేశాడు. కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. సారా వల్ల అని అందరూ అనుకునేలా దగ్గాడు.

అప్పుడు మిలుంక లేచింది. మోకాళ్ళు పట్టేసినట్టున్నాయి, బల్ల అంచు పట్టుకుని లేచింది. రొట్టెకి అటువైపు పట్టుకుంది. ఇద్దరూ తిప్పారు. రోసాంద వైను పోసింది. ఆవిడ వేళ్ళు ముసలివే గానీ పట్టు గట్టిది. విరిచినప్పుడు పెద్ద ముక్క ఆవిడ చేతిలోకే పోయింది.

తర్వాత తిన్నారు. అంతా ఒకేసారి మాట్లాడారు. ఒబ్రాద్ బాబాయ్ పాడాడు, ఎవరూ ఆపలేకపోయారు. మిలుంక పెట్టెలోంచి ఒక పండు తీసి, కొరికి, చాలాసేపు నమిలింది.

"తీపి ఎక్కువైంది," అంది రాదిసావ్‌తో. "ఆయనకి పులుపు ఇష్టం."

"మట్టి వేరు పెద్దమ్మా."

"ఆ. నువ్వు చెప్పేదానికి ప్రతిదానికీ ఒక కారణం ఉంటుంది." మొహం తిప్పుకుంది. ఆవిడ కోపం ఇంకా దిగలేదు. దిగుతుందని రాదిసావ్ అనుకోనూ లేదు. ఆవిడ పళ్ళెంలో ఇంకో మాంసం ముక్క వేశాడు. ఆవిడ వద్దనలేదు.

చుట్టాలు ఒక్కొక్కరే లేచారు. రాదిసావ్ ఇంకా నిలబడే ఉన్నాడు. కాళ్ళు బరువెక్కాయి, సభ బూట్లు మడమలు కొరికేశాయి. గడప దగ్గర తిహోమిర్ కోటు వేసుకుని ఆగాడు. పద్ధతి ప్రకారం ముందుకి వంగాడు, మూడు ముద్దులకి.

రాదిసావ్ ఒక్క బుగ్గ ఇచ్చాడు. ఇంకో బుగ్గ ఇవ్వలేదు.

"మిగతా రెండూ సోమవారం తర్వాత చూద్దాం," అన్నాడు. "జాగ్రత్తగా నడుపు. వెనక తలుపు సరిగా పడటం లేదు."